వెనకవైపు ఫోటో

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు అరవయ్యో ఏట వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ చెప్పిన మాట వినవు. ఒక్కో పేజీకి రెండు పూటలు పడుతోంది. తప్పులుంటే మన్నించండి. నిదానానికి కూడా మన్నించమని మొదట రాసి, తర్వాత కొట్టేశాను. ఎందుకో మీకే తెలుస్తుంది. ఇంకో సంగతి, ఇది నా కథే అయినా "ఆమె" అని రాస్తాను. "నేను" అని మొదలుపెడితే, ఎవరో వెనక నుంచి "మధ్యలో నువ్వెవరు?" అంటారేమోనని కలం ఆగిపోతోంది.

"చెయ్యి తియ్యి వదినా, చెయ్యి! ఆ చెయ్యి ఫోటోలో పడితే మనకి పని ఎవరిస్తారు?"

ఆ పొద్దున మరిది ఆ మాట అనడం నాలుగోసారి. ఆమె బూడిదరంగు కోటుని రెండు చేతులా ఎత్తి పట్టుకుని దుకాణం గుమ్మంలో నిలబడి ఉంది. మోకాళ్ళు లాగుతున్నాయి. లోపల పొయ్యి మీద పెట్టిన టీ మరిగి మరిగి సగమైపోయి ఉంటుంది.

"చెయ్యి తీసేస్తే కోటు గాల్లో నిలబడుతుందా?"

"పట్టుకో. కానీ కనపడకు."

పట్టుకో, కానీ కనపడకు. ఆమెకి ఆ మాట కొత్తగా అనిపించలేదు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో అందరూ రకరకాలుగా చెబుతూ వచ్చిన మాటనే మరిది పొరపాటున పొట్టిగా చెప్పేశాడు, అంతే.

వాళ్ళది రఫూ దుకాణం. సిగరెట్టు కాలిన కోట్లూ, పురుగు కొట్టిన శాలువాలూ, మేకు పట్టుకుని చిరిగిన పాంట్లూ అక్కడికి వస్తాయి. అదే బట్ట లోపలి మడతలోంచి దారప్పోగులు లాగి, వాటితో ఆ చిల్లు మీద పడుగూ పేకా ఒక్కో పోగూ మళ్ళీ నెయ్యాలి. సరిగ్గా చేస్తే చిల్లు ఎక్కడుండేదో బట్ట సొంతదారుకి కూడా తెలియదు. కనపడకపోవడమే ఆ పనికి అందం. కనపడని పని చేసే మనిషి కూడా కనపడక్కర్లేదని ఆ ఇంట్లో ఎప్పుడో తీర్మానమైపోయింది. దుకాణానికి మధ్యలో ఒక ముదురాకుపచ్చ కర్టెను. కర్టెనుకి ఇవతల బల్ల, అద్దం, కుర్చీ, భర్త. అవతల చిన్న కిటికీ, సూదుల డబ్బా, ఆమె. భర్త వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని ముందు కూర్చునేవాడు. "మీ చేతిలో ఏదో ఉందండీ" అని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే, "అంతా పైవాడి దయ" అని వినయంగా తలవంచేవాడు. పైవాడి సంగతేమో గానీ, కర్టెను వెనకావిడ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళగానే మాత్రం గొంతు మారేది. "ఏయ్ నత్తా! ఆ కోటు ఈ జన్మలో అవుతుందా?"

నత్త. ఆ పేరు ఆయన పెట్టిందే. పెళ్ళైన మొదటి నెలలో ఒక చిల్లుకి రెండు రోజులు పట్టిందని పెట్టాడు. అత్తగారికి అది తెగ నచ్చింది. "నడకా నత్తే, పనీ నత్తే. మా వాడి ఓర్పే ఓర్పు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆమె పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. రాగా రాగా ఆమెకే అది ఎవరో దూరపు బంధువు పేరులా అయిపోయింది. ఎక్కడైనా ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే తిరిగి చూడాలని కూడా తోచదు.

ఆరేళ్ళ కిందట భర్త పోయాడు. మరుసటి వారం మరిది ఆ కుర్చీలో కూర్చున్నాడు. సొరుగులోంచి ఆ ఇత్తడి తొడుగు తీసి చూపుడువేలికి పెట్టుకున్నాడు. సూదిని వెనక నుంచి నెట్టేది నడిమివేలు. తొడుగు ఉండాల్సింది దానికి. చూపుడువేలికి పెట్టుకుంటే సూది పట్టు దొరకదు. ఆ సంగతి చెబుదామని ఆమె ఒకసారి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. సూది పట్టనివాడికి ఏ వేలైతేనేం.

అక్షరాలు నేర్చుకున్నది ఆ తర్వాతే. లైబ్రరీ వెనక గదిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకి చదువు చెబుతున్నారని తెలిసి, దారం కొనుక్కొస్తానని చెప్పి వెళ్ళేది. చెప్పినందుకు ఒక ఉండ కొనుక్కొచ్చేది కూడా. రెండేళ్ళలో ఆ ఇంట్లో నిండు జీవితానికి సరిపడా దారం పోగయింది. సంగతి బయటపడ్డ రోజు మరిది పగలబడి నవ్వాడు. "ఓహో! ఇక మా మీద అర్జీలు రాస్తావన్నమాట!" అత్తగారు బతికుంటే ఏమనేదో ఆమెకి తెలుసు. ముందే అనేసి పోయింది: "సూదికి చదువెందుకే?"

ఇప్పుడీ ఫోటోల గొడవ మ్యూజియం వల్ల వచ్చింది. ఊళ్ళో ఉన్న మ్యూజియంలో వందేళ్ళ నాటి నాటకాల బట్టలున్నాయి. రాజుల అంగీలు, రాణుల శాలువాలు, రంగస్థలం మీద దించే పెద్ద పట్టు తెర. అన్నిటికీ పురుగు పట్టింది. మూడేళ్ళపాటు అక్కడే ఒక గదిలో కూర్చుని రఫూ చెయ్యడానికి మనిషి కావాలని, జీతం ఇస్తామని, చేసిన పని ఫోటోలు పంపమని దుకాణాలన్నిటికీ కబురు పెట్టారు. మరిది వారం కిందటే ఆరు ఫోటోలు పంపాడు. ఆ పొద్దున జవాబు వచ్చింది. ఆయన గట్టిగా చదివాడు.

"మీరు పంపిన ఫోటోల్లో పోగులు కనిపించడం లేదు. బట్ట మైనం పూసినట్టు నున్నగా ఉంది. ఫోటోల్ని ఏమైనా మార్చారా? మార్చని ఫోటోలు, ముందువైపూ వెనకవైపూ, రేపటిలోగా పంపగలరు. పని చేసినవారి పేరు తప్పక తెలపగలరు."

అందుకే కోటు, అందుకే గుమ్మం, అందుకే "చెయ్యి తియ్యి". ఎన్ని తీసినా అదే మైనం. చిల్లు మాయమైందంటే సరే, బట్ట కూడా మాయమైపోయింది.

"ఫోను పాతదైపోయింది" అన్నాడు మరిది. "కొత్తది చూసొస్తాను."

"పేరు అడిగారుగా. ఎవరి పేరు రాస్తావు?"

"పేరుదేముంది వదినా. నా పేరు రాస్తా. నేను వెళ్ళి మాట్లాడి, ఆ బట్టలు మూటకట్టి ఇంటికి తెస్తా. నువ్వు హాయిగా నీ కిటికీ దగ్గర కూర్చుని చేసుకో. ఎండలో పడి అంత దూరం నువ్వేం వెళ్తావు?"

"అక్కడే కూర్చుని చెయ్యాలన్నారు."

"అంటారు. మనం ఒప్పిస్తాం. అయినా నా పేరేంటి, నీ పేరేంటి, మనమంతా ఒకటి కాదూ?"

"ఒకటే. అయితే నా పేరు రాయి."

మంచి జోకు విన్నట్టు మరిది నవ్వాడు. నవ్వుతూనే చెప్పులేసుకున్నాడు. "ఎవరైనా ఫోన్ చేస్తే అరగంటలో వస్తానని చెప్పు" అని దుకాణం ఫోను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె లోపలికి వెళ్ళి మాడిన టీగిన్నె తోమింది. గిన్నె తోముతున్నంతసేపూ కోపం ఎక్కడ మొదలైందో వెతుక్కుంది. ఈ పొద్దునా? తొడుగు చూపుడువేలికి పెట్టుకున్ననాడా? ఆ మొదటి నెలలోనా? అడుగున అంటుకున్న నలుపు వదలడం లేదు. ఇంకా గట్టిగా రుద్దింది. మూడేళ్ళు. ఒక గది, ఒక కిటికీ, ఎవరూ "అయిందా" అని అరవని చోటు. అది ఆమె కోసమే కుట్టినట్టుంది. దాని మీద ఇంకొకరి పేరు రాసి, మూటకట్టి, మళ్ళీ ఈ కర్టెను వెనక్కే తెచ్చి పడేస్తారు. పైగా "నీకు శ్రమ లేకుండా" అంటారు. గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది.

ముందు ఆమె కంటికి కనపడింది ఫోను కాదు, దాని వెనకున్న గాజు కన్ను. దాని మీద మరిది వేలిముద్ర జిడ్డుగా పరుచుకుని ఉంది. ఉన్నిముక్కతో తుడిచింది. మనుషులు తమ కళ్ళజోళ్ళు రోజుకి పదిసార్లు తుడుచుకుంటారు, దీన్ని తుడవాలని ఎవరికీ తోచలేదు.

తర్వాత సెట్టింగులు తెరిచింది. ఫోనుని మన అక్షరాల్లోకి మార్చడం లైబ్రరీలో నేర్పారు. అసలు కష్టం అక్కడ మొదలైంది. "చి... త్ర... నా..." అని మూడక్షరాలు కూడబలుక్కునేసరికి తెర నల్లబడిపోయింది. మళ్ళీ వెలిగించి, మళ్ళీ మొదటికొచ్చింది. "చిత్ర... నాణ్..." మళ్ళీ నలుపు. ఫోను కూడా "అయిందా నత్తా?" అంటున్నట్టే ఉంది. మూడోసారికి ఒళ్ళు మండిపోయింది. దాన్ని గోడకేసి కొడదామనిపించింది. కొట్టలేదు. తెర ఎంతసేపటికి ఆరిపోవాలో కూడా ఎక్కడో రాసి ఉంటుందని లైబ్రరీ పంతులమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. అదెక్కడుందో వెతకడానికే తెర తొమ్మిదిసార్లు ఆరిపోయింది. చివరికి దొరికింది. ముప్పై సెకన్లు అని ఉన్నదాన్ని పది నిమిషాలు చేసింది. అప్పుడు వెనక్కి వాలి, గట్టిగా ఊపిరి వదిలింది. ఆమె చదివేదాకా ఆగినది ఆ ఇంట్లో ఆ ఫోనే మొదటిది.

ఇక ఒక్కొక్కటీ దొరికాయి. "చిత్ర నాణ్యత: తక్కువ" అని ఉంది. ఫోను నిండిపోకుండా మరిది పెట్టుకున్నది. దాన్ని "ఎక్కువ" చేసింది. ఫ్లాషు ఆపేసింది. అది ఎదురుగా కొట్టే వెలుగు. ఎదురు వెలుగులో పోగు కనపడదని, పక్క నుంచి పడితేనే ఒక్కో పోగుకీ నీడ వచ్చి లేచి నిలబడుతుందని ఆమెకి నలభై ఏళ్ళుగా తెలుసు. ఆ తర్వాత "బ్యూటీ" అని ఒక గీత, దాని మీద ఒక చుక్క. చుక్క కుడి చివర నిలబడి ఉంది.

"అది ముట్టుకోకక్కా!" తోడికోడలు తడిబట్టల బకెట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. "నేనే పెట్టాను. అది లేకపోతే ఫోటోలో అచ్చం మా అమ్మలా ఉంటున్నాను."

"మీ అమ్మలా ఉంటే నీకు నష్టమేంటో గానీ, కోటు కూడా నీ బుగ్గలా అయిపోయింది. పోగులన్నీ పోయాయి."

తోడికోడలు బకెట్టు దింపి, కోటు అంచు పట్టుకుని వంగి చూసింది. ఆమె చుక్కని ఎడమవైపుకి లాగింది. కోటు మీద ఒక్కసారిగా నేత తేలింది. బూడిదరంగులో నీలం, నలుపు, తెలుపు పోగులు వేరువేరుగా. కోటు పట్టుకున్న తోడికోడలి వేళ్ళ మీద సబ్బుకి పగిలిన గీతలు కూడా తేలాయి.

"అమ్మో, నా చెయ్యేనా ఇది?"

"నీదే. ఉండనీ."

గ్రిడ్ అని ఇంకొకటి నొక్కితే తెర మీద అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలొచ్చాయి. ఆమెకి నవ్వొచ్చింది. పడుగూ పేకా! బట్ట పోగుని ఆ గీతకి సరిపెట్టింది. మరీ దగ్గరికి వెళ్తే మసకవుతోంది, జానెడు దూరంలో బాగుంది. చెయ్యి వణక్కుండా దారపు ఉండలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఫోనుని వాటికి ఆనించి, మూడు సెకన్లాగి తీసేటట్టు పెట్టింది. చదువు సంగతి దాచుకోవడానికి కొన్న దారమంతా ఇన్నాళ్ళకి పనికొచ్చింది. తెర మీద చిల్లు పూడ్చినచోట వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచితే చూపు అక్కడే ఆగింది. పక్కనే ఉన్న సూర్యుడి బొమ్మని కొంచెం కిందికి జరిపితే తెల్లపోగుల మెరుపు తగ్గింది. మూడు బట్టలకి ముందువైపూ వెనకవైపూ, ఆరు ఫోటోలు తీస్తుందనగా, సెట్టింగుల చిట్టచివర ఇంకో వరస కనపడింది.

"వాటర్‌మార్క్." ఆ మాట ఆమెకి తెలియదు. కింద సన్నటి అక్షరాల్లో, "ప్రతి ఫోటో మూలన మీ పేరు కనిపిస్తుంది" అని ఉంది.

మీ పేరు. ఆ రెండు మాటల్నీ మూడుసార్లు చదివింది. ఖాళీ గడిలో ఒక చిన్న గీత ఆరుతూ వెలుగుతూ నిలబడి ఉంది. దుకాణం పేరు రాయాలా? అందులో భర్త పేరూ, మామగారి పేరూ ఉన్నాయి, ఆమెది లేదు. పుట్టింటి పేరు రాస్తే? అది సూది పట్టకముందు పిల్లది. ఆ పిల్ల ఒక్క చిల్లు పూడ్చలేదు. వదిన, అక్క, కోడలు, లోపలి మనిషి, అవన్నీ ఎవరికో ఏదో అయితే వచ్చిన పేర్లు. ఆమె చేసే పనిని చూసి, ఆ పనిని బట్టి పెట్టిన పేరు ఒక్కటే ఉంది. పెట్టినవాడు ఎక్కిరింపుగా పెట్టాడు, కానీ అబద్ధం పెట్టలేదు. ఒక్కో అక్షరం వెతికి నొక్కింది. "రఫూ చేసినది: నత్త." తోడికోడలు చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాక ఆమె ఆరు ఫోటోలూ తీసింది.

మరిది కొత్త ఫోను కొనకుండానే వచ్చాడు. ఆరు ఫోటోలూ చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "ఫోను దానంతటదే బాగుపడిందే!" అన్నాడు. తర్వాత కోటు వెనకవైపు ఫోటో దగ్గర మొహం చిట్లించాడు. "ఇదేంటి వదినా, పోగులు బయటికి వేలాడుతున్నాయి? ఇలా పంపితే పరువేం కాను?"

ఆమె పోగు తిప్పిన ప్రతిచోటా ఆవగింజంత దారం వదులుతుంది. చెవులు అంటుంది వాటిని. బట్ట వెనకవైపు ఒక్కనాడూ చూడని మనిషికి అవి ఈ రోజే కనపడ్డాయి, అదీ ఆమె ఫోటో బాగా తీసినందువల్ల.

"అవి ఉండాలి" అంది.

"ఉండాలా! నలభై ఏళ్ళు చేసి దారం కొస కత్తిరించడం కూడా రాలేదా?" అంటూనే కత్తెర తీశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోపే కోటు చేతి మీది చెవులన్నీ టకటకా కత్తిరించేశాడు. దానికి ఆమెకి పట్టింది మూడు రోజులు. ఆయనకి పట్టింది ఒక నిమిషం. కొసలు నేల మీద ఎగిరిపడుతుంటే ఆమె చెవులే ఎవరో కోస్తున్నట్టు చెంపలు వేడెక్కాయి. ఇంత కోపం ఉన్న మనిషి గొంతు ఎందుకు లేవదు? నలభై ఏళ్ళు గుసగుసల్లో బతికితే గొంతు కూడా కుంచించుకుపోతుందేమో. మరిది తొడుగు పెట్టుకున్న తన వేలిని ఆ చోట ఆనించి, ఆమె సర్దిపెట్టిన ఫోనుతోనే ఇంకో రెండు ఫోటోలు తీసుకున్నాడు. ఎనిమిదీ కలిపి మ్యూజియానికి పంపించాడు. కింద మూలన ఉన్న సన్నటి అక్షరాలు ఆయన చదవలేదు. కళ్ళజోడు పెట్టుకుంటే వయసు తెలుస్తుందని ఆయన బాధ.

ఆమె చదివింది. ఎనిమిదింటి మీదా ఉంది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మ్యూజియం మేడమ్ ఫోన్ చేసింది. మరిది గొంతు సవరించుకుని, నలుగురికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. తోడికోడలు చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఫోటోలు అందాయండీ. పని అద్భుతంగా ఉంది" అంది మేడమ్. "నత్త గారితో ఒకసారి మాట్లాడాలి."

"ఎవరితో?"

"నత్త గారు. ప్రతి ఫోటో మీదా ఉందిగా, రఫూ చేసినది నత్త అని. ఇంటిపేరా అది?"

మరిది ఫోనువైపు చూశాడు, కర్టెనువైపు చూశాడు. "అబ్బే, అది... ఇంట్లో సరదాగా... చేసేది నేనేనండీ. ఏం కావాలన్నా నన్నడగండి."

"సరే. మొదటి మూడు వెనకవైపు ఫోటోల్లో చిన్న చిన్న దారపు మడతలు వదిలారు. చివరి రెండింట్లో ఎవరో కత్తిరించేశారు. ఎందుకు?"

"శుభ్రంగా ఉండాలని" అన్నాడు మరిది. "పొరపాటున మిగిలిపోతేనూ, నేనే కత్తిరించాను."

మేడమ్ ఆ రెండు ఫోటోలూ మళ్ళీ తెరిచినట్టుంది.

"తొడుగు కూడా చూపుడువేలికే ఉందండీ" అంది మేడమ్ మెల్లిగా. "నత్త గారికి ఇవ్వండి ఫోను."

మరిది ఇవ్వలేదు. తోడికోడలు చీపురు కింద పడేసి, ఆయన చేతిలోంచి ఫోను తీసి కర్టెను పక్కకి లాగింది. "అక్కా, నీకే."

ఆమె లేచి ముందు గదిలోకి వచ్చింది. మేడమ్ మళ్ళీ అదే అడిగింది, ఆ మడతలెందుకని. పని గురించైతే ఆమెకి మాటలున్నాయి.

"బట్ట తడిస్తే కొత్త పోగు కుంచించుకుంటుందమ్మా. బిగించేసి ఉంటే చుట్టూ ఉన్న పాత నేతని లాగి ముడతలు పెడుతుంది. చెవి వదిలితే ఆ దారం అందులోంచి తీసుకుంటుంది. కొత్తలో నాకూ తెలియదు. ఒక శాలువా ఉతికాక ముడుచుకుపోయి వెనక్కొచ్చింది. అప్పుడు తెలిసింది. ఆ కోటుకి నేను మళ్ళీ వేసి ఇస్తాను. అది వేరొకరి కోటు."

"మీరే చేస్తారా ఇదంతా?"

"నేనే. నలభై ఏళ్ళుగా." చెప్పాక, తన గొంతు ఆ ముందు గదిలో బయటి మనిషితో మాట్లాడడం ఇదే మొదటిసారని గమనించింది.

"ఒక్క మాట ముందే చెప్పాలి" అంది మేడమ్. "ఆ పట్టు తెర చాలా పాతది. తొందరపడితే చేతిలోనే పొడైపోతుంది. అరచెయ్యంత చోటుకి ఒక్కోసారి వారం పడుతుంది. అంత నెమ్మదిగా చెయ్యగలరా?"

"నాకు వచ్చిందే అదమ్మా" అంది ఆమె.

ఫోను పెట్టేశాక మరిది కుర్చీలో కూలబడ్డాడు. "ఇల్లు వదిలి మూడేళ్ళు అక్కడ కూర్చుంటావా? మరి దుకాణం? ఇక్కడి చిల్లులెవరు పూడుస్తారు?"

ఆమె బల్ల మీదున్న కత్తెర తీసి ఆయన ముందు పెట్టింది. తొడుగు కూడా దాని పక్కనే పెట్టింది.

"నడిమివేలికి పెట్టుకో" అంది.

పేరు నత్త. వయసు అరవై మూడు. ఇప్పుడు నేను ఉంటున్నది మ్యూజియం వెనక వీధిలో, మేడ మీద ఒక్క గదిలో. గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. దానికి కర్టెను లేదు.